ముక్కు శస్త్రచికిత్స ఫలితం నచ్చకపోతే: రెండో ఆపరేషన్‌కు ముందు తెలుసుకోవలసిన విషయాలు

2000 సంవత్సరంలో మిస్ వరల్డ్ కిరీటం గెలుచుకున్న ప్రియాంక చోప్రా, ఆ తరువాత కొద్దికాలానికే ముక్కులో పెరిగిన పాలిప్‌ను తొలగించుకొనేందుకు శస్త్రచికిత్స చేయించుకున్నారు. శ్వాస సరిగా ఆడకపోవడమే అందుకు కారణం. ఆ చికిత్సలో ముక్కు దూలం దెబ్బతిని కుంగిపోయిందని, కట్టు విప్పాక అద్దంలో తన పాత ముక్కు కనిపించలేదని 2021లో వెలువడిన ఆత్మకథ ‘అన్‌ఫినిష్డ్’లో ఆమె రాశారు. చేతికందిన సినిమా అవకాశాలు చేజారాయి. పత్రికలు ఎగతాళి పేరు పెట్టాయి. సరిదిద్దే శస్త్రచికిత్సకు భయపడుతున్న తనకు, సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన తండ్రి అశోక్ చోప్రా ఆపరేషన్ గదిలో తోడుగా ఉంటానని ధైర్యం చెప్పారని 2023లో ఒక అమెరికా రేడియో కార్యక్రమంలో వెల్లడించారు. అదీ ఒక్కసారితో ముగియలేదు. కొన్నేళ్ల వ్యవధిలో పలుమార్లు దిద్దుబాటు చికిత్సలు జరిగిన తరువాతే ముక్కు కుదుటపడింది.

సాధారణ కుటుంబాలలో ఇలా పక్కన నిలబడే వైద్యుడు ఉండడు. ముక్కు తీరు మార్చే శస్త్రచికిత్సను రైనోప్లాస్టీ అంటారు. చేయించుకున్నవారిలో సుమారు 5 నుంచి 15 శాతం మందికి మరో శస్త్రచికిత్స అవసరమవుతున్నట్లు వైద్య సాహిత్యం చెబుతోంది. ఈ రెండోదాన్ని రివిజన్ రైనోప్లాస్టీ అని పిలుస్తారు. పేరు చూస్తే మొదటిదానికి చిన్న మెరుగులా అనిపిస్తుంది. నిజానికి అది మొదటిదానికంటే కఠినమైనది, ఖరీదైనది, ఫలితాన్ని ముందుగా చెప్పడం మరింత కష్టమైనది. కనుక తొందరపడి తీసుకొనే నిర్ణయం మొదటి నష్టాన్ని రెట్టింపు చేసే ప్రమాదం ఉంది.

అసంతృప్తి దేనిమీద?

ఫలితం బాగాలేదని చెప్పేవారందరి ఇబ్బందీ ఒకటి కాదు. కొందరికి ముక్కు చూడడానికి చక్కగానే ఉంటుంది, గాలి మాత్రం ఆడదు. ముక్కు లోపల గాలి దారి అతి ఇరుకుగా ఉండే చోటును నాసికా కవాటం అంటారు. దూలం ఎత్తు తగ్గించే క్రమంలో దాని పక్కనున్న మృదులాస్థి ఆధారం కోల్పోతే ఈ కవాటం గాలి పీల్చినప్పుడల్లా లోపలికి కుంగుతుంది. బుగ్గను వేలితో పక్కకు లాగినప్పుడు శ్వాస తేలికైతే వైద్యులు మొదట ఈ చోటునే అనుమానిస్తారు. ఇందుకు విరుద్ధమైన పరిస్థితి కూడా ఉంది. ముక్కులోపల గాలిని తడిపి వెచ్చబరిచే కండల వంటి భాగాలను అతిగా తొలగించినప్పుడు, దారి పూర్తిగా తెరుచుకొని ఉన్నా రోగికి ఊపిరి అందనట్లే ఉంటుంది. పరీక్షలో అంతా ఖాళీగా కనిపించడంతో, ఇటువంటివారి మాట నమ్మే వైద్యుడు దొరకడమే ఒక్కోసారి కష్టమవుతుంది.

మరికొందరిలో లోపం ఎదుటివారికీ కనిపిస్తుంది. ముక్కు కొనకు కాస్త పైన ఉబ్బెత్తుగా మిగిలి చిలుక ముక్కులా మారడం, దూలం మధ్యభాగం జీనులా దిగబడడం, ఎముక ముగిసే చోట తలకిందులైన ‘వి’ ఆకారపు నీడ పడడం, నాసికారంధ్రపు అంచు పైకి లాక్కుపోవడం వంటివి వైద్యులకు బాగా పరిచితమైన లోపాలే. వీటిలో అధికభాగానికి మూలం ఒక్కటే: తీయవలసినదానికంటే ఎక్కువ తీయడం. గత శతాబ్దంలో చాలాకాలం ముక్కును చిన్నది చేయడమే ఈ శస్త్రచికిత్సకు లక్ష్యంగా ఉండేది. లోపలి ఆధారాన్ని నిలబెట్టాలన్న పద్ధతి ఆ అనుభవాల నుంచే బలపడింది.

మూడో రకంవారి ముక్కులో చెప్పుకోదగిన లోపమేదీ ఉండదు, అది వారు కోరుకున్న ముక్కు కాదు, అంతే. దక్షిణాసియా ప్రజలలో ముక్కు కొన వద్ద చర్మం సాధారణంగా మందంగా ఉంటుంది. లోపల మృదులాస్థిని ఎంత సన్నగా చెక్కినా ఆ చర్మం దాని గీతను పైకి చూపదు. ఐరోపా నటీమణి చిత్రాన్ని చూపి అదే కావాలని అడిగితే వైద్యుడు అప్పుడే సాధ్యం కాదని చెప్పి ఉండాలి. చెప్పకపోతే ఆ నిరాశలో ఆయన వాటా కూడా ఉంటుంది.

ముక్కు ముహూర్తాలు పాటించదు

పెళ్లికో, విదేశీ ప్రయాణానికో ముందు రెండు మూడు నెలల వ్యవధిలో ఈ శస్త్రచికిత్సలు పెట్టుకొనేవారు ఎక్కువ. ముక్కుకు ఆ తొందర తెలియదు. కంటికి కనిపించే వాపులో చాలాభాగం కొద్దివారాల్లో తగ్గినా, కొన వద్ద మిగిలే వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పడుతుంది. మందమైన చర్మం గలవారిలో ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. ఉదయం లావుగా కనిపించిన కొన సాయంత్రానికి సన్నబడడం కూడా ఈ దశలో మామూలే. అందుకే మొదటి శస్త్రచికిత్స జరిగి కనీసం 12 నెలలు గడవనిదే రెండోదానికి చాలామంది నిపుణులు అంగీకరించరు. లోపలి గాయం గట్టిపడి మెత్తబడే దాకా కత్తి పెడితే కణజాలం ఎక్కడ ఏ పొరలో ఉందో గుర్తించడం కష్టం, రక్తస్రావమూ ఎక్కువ.

ఈ ఏడాదిలో చేయగలిగిన పనులు లేకపోలేదు. కొనపైన వాపు గట్టిపడుతున్నట్లు కనిపిస్తే కొందరికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ పనికివస్తుంది. మోతాదు మించితే చర్మం పలచబడి గుంట పడుతుంది కాబట్టి దాన్ని ఆపరేషన్ చేసిన వైద్యుడో, అంత అనుభవమున్న మరొకరో ఇవ్వాలి. నెలకొకసారి ఒకే వెలుగులో, ఒకే దూరం నుంచి, ముందు నుంచీ రెండు పక్కల నుంచీ ఫొటోలు తీసి ఉంచుకోవడం మేలు. సెల్ఫీలు ఇందుకు పనికిరావు. 12 అంగుళాల దూరం నుంచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు, 5 అడుగుల దూరం నుంచి తీసిన ఫొటోలోకంటే సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. లేని లోపాన్ని చూపించడంలో చేతిలోని ఫోన్‌ను మించినది లేదు.

అయితే వేచి ఉండకూడని సందర్భాలున్నాయి. చర్మం నల్లబడడం, చీము, జ్వరం, ఆగని రక్తస్రావం, ముక్కు నడిమి గోడ ఉబ్బి రెండు వైపులా గాలి మూసుకుపోవడం, ముక్కు నుంచి నీళ్లలాంటి ద్రవం అదేపనిగా కారడం, లోపల పెట్టిన సిలికాన్ ముక్క చర్మాన్ని నెట్టుకొని బయటికి కనిపించడం: వీటిలో ఏది కనిపించినా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. నడిమి గోడలో చేరిన రక్తాన్ని వెంటనే తీయకపోతే అక్కడి మృదులాస్థి చచ్చిపోయి దూలం కుంగుతుంది.

రెండోసారి ఎందుకు కష్టం

ముక్కును దిద్దడం ఈ దేశానికి కొత్త కాదు. శిక్షగానో, యుద్ధంలోనో ముక్కు కోల్పోయినవారికి చెంప చర్మంతో తిరిగి నిర్మించే విధానాన్ని సుశ్రుత సంహిత వర్ణించింది. టిప్పు సుల్తాన్ సైనికుల చేతిలో ముక్కు కోల్పోయిన కావస్‌జీ అనే బండి తోలేవాడికి పుణె ప్రాంతంలో నుదుటి చర్మంతో ముక్కు నిర్మించిన వృత్తాంతం 1794లో లండన్ పత్రిక ‘జెంటిల్‌మెన్స్ మ్యాగజైన్’లో అచ్చయి ఐరోపా వైద్యులను ఆకర్షించింది. లేనిదాన్ని నిర్మించాలంటే శరీరంలో మరోచోటి నుంచి తెచ్చుకోవాలన్న ఆ సూత్రమే నేటి దిద్దుబాటు చికిత్సకూ పునాది.

మొదటిసారి శస్త్రచికిత్సలో వైద్యుడికి అవసరమైన మృదులాస్థి ముక్కు నడిమి గోడలోనే దొరుకుతుంది. నిటారుగా, పలుచగా, గట్టిగా ఉండే ఆ ముక్కకు సాటి లేదు. రెండోసారికి అది చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది. అప్పుడు చెవి డొప్పను ఆశ్రయిస్తారు. అది వంపుగా, మెత్తగా ఉంటుంది కనుక నాసికారంధ్రపు అంచులకు నప్పుతుంది గాని, బరువు మోయవలసిన చోట సరిపోదు. కుంగిన దూలాన్ని లేపాలంటే పక్కటెముక చివరనున్న మృదులాస్థి తీయవలసి వస్తుంది. దీనితో ఛాతీపై మచ్చ, కొన్నాళ్ల నొప్పి, అరుదుగా ఊపిరితిత్తిని కప్పి ఉండే పొరకు గాయమయ్యే ప్రమాదం ఉంటాయి. చెక్కి పెట్టిన ముక్క నెలల తరువాత వంగిపోవచ్చు. ఆ వంకర రాకుండా మృదులాస్థిని సన్నని తునకలుగా తరిగి, కణతపై నుంచి తీసిన పలుచని పొరలో చుట్టి అమర్చే పద్ధతిని కొందరు నిపుణులు అనుసరిస్తున్నారు.

సిలికాన్ వంటి కృత్రిమ పదార్థాలు వాడితే ఛాతీ కోయనక్కరలేదు, ఖర్చూ తగ్గుతుంది. కాని ఒకసారి కోసి కుట్టిన ముక్కులో చర్మం పలచబడి, రక్తప్రసరణ తగ్గి ఉంటుంది కనుక ఇన్ఫెక్షన్ సోకడానికి, ఆ ముక్క చర్మాన్ని చీల్చుకొని బయటపడడానికి అవకాశం ఎక్కువ.

కత్తి లేకుండా సూదితో సరిచేస్తామనే ప్రకటనల విషయంలో ఇంకా ఎక్కువ జాగ్రత్త అవసరం. ఫిల్లర్ జెల్‌తో చిన్న గుంటలు కొంతకాలం పూడ్చవచ్చు. అయితే ముక్కుపై రక్తనాళాలు కంటి నాళాలతో కలిసి ఉంటాయి. జెల్ పొరపాటున నాళంలోకి వెళ్తే చర్మం కుళ్లడం, చూపు శాశ్వతంగా పోవడం వంటివి జరిగిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. శస్త్రచికిత్స జరిగిన ముక్కులో నాళాల దారి మారి ఉంటుంది. బ్యూటీ పార్లర్లో, వైద్యుడు కానివారి చేతిలో ఇది ఎంతమాత్రం చేయించుకోకూడదు.

ఎవరిని సంప్రదించాలి, ఏమి అడగాలి

మొదట కలవవలసినది ఆపరేషన్ చేసిన వైద్యుడినే. లోపల ఏమి తీశారో, ఏమి మిగిలిందో ఆయనకు తెలిసినట్లు మరొకరికి తెలియదు. చిన్న సవరణలకు కొందరు ఫీజు కూడా తగ్గిస్తారు. నమ్మకం పోయినప్పుడు, లేదా లోపమే లేదని ఆయన కొట్టివేసినప్పుడు మరో ఇద్దరి అభిప్రాయం తీసుకోవాలి. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ, లేక ఈఎన్‌టీలో పీజీతోపాటు ముఖ శస్త్రచికిత్సలో శిక్షణ ఉన్నవారు ఈ పని చేస్తారు. డిగ్రీ కన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: ఇతరులు చేసిన ముక్కులను ఏడాదికి ఎన్నింటిని దిద్దుతున్నారు? ఏడాది గడిచాక తీసిన ఫొటోలు చూపగలరా? మృదులాస్థి ఎక్కడి నుంచి తీస్తారు? ఫలితం రాకపోతే తరువాతి దారి ఏమిటి? కంప్యూటర్లో కొత్త ముక్కు చూపి వంద శాతం హామీ ఇచ్చేవారికంటే, ఇంతవరకే చేయగలనని చెప్పేవారు నమ్మదగినవారు. పరీక్షలో ఎండోస్కోపీతో ముక్కు లోపల చూడకుండానే తేదీ ఖరారు చేస్తే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది.

గాలి ఆడకపోవడమే ప్రధాన సమస్య అయినవారికి ప్రభుత్వ దారి కూడా ఉంది. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, విశాఖపట్నంలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, ఉస్మానియా, కింగ్ జార్జ్ ఆసుపత్రుల ప్లాస్టిక్ సర్జరీ విభాగాలలో సంప్రదించవచ్చు. ఆరోగ్య బీమా పాలసీలు అందం కోసం చేసే శస్త్రచికిత్సను మినహాయిస్తాయి. ప్రమాదం వల్లనో, వైద్యపరమైన అవసరం వల్లనో జరిగే పునర్నిర్మాణానికి మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. కాబట్టి శ్వాస సమస్యను వైద్యుడు రాతపూర్వకంగా నమోదు చేయడం అవసరం.

ఇక మనసు సంగతి. అద్దం ముందు గంటలు గడపడం, ఎదుటివారికి కనిపించని లోపాన్ని రోజూ కొలవడం, పెళ్లిళ్లకు, ఉద్యోగానికి వెళ్లడం మానేయడం బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ లక్షణాలు కావచ్చు. ఇది జనాభాలో సుమారు 2 శాతం మందిలో ఉంటుందని అంచనా. ముక్కు శస్త్రచికిత్స కోరివచ్చేవారిలో అంతకంటే ఎక్కువగా కనిపిస్తుంది. వీరికి మరో ఆపరేషన్ ఊరట ఇవ్వదు, దృష్టి మరో లోపం మీదికి మళ్లుతుంది. మానసిక వైద్యుడి చికిత్సతో ఫలితం ఉంటుంది. అయితే నిజంగా ముక్కు చెడినవారిని కూడా ‘అంతా నీ భ్రమ’ అని పంపేయడం అన్యాయం. కుంగిన దూలం ఉన్నవారికి దిగులు కలగడంలో వింత లేదు.

కాగితాలు, గడువు

ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారి రికార్డులను మూడేళ్లు భద్రపరచాలని, రోగి అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్య నీతి నియమావళి చెబుతోంది. వీటిలో ఆపరేషన్ నోట్ అతి ముఖ్యం. ఏ మృదులాస్థి తీశారు, ఏ కృత్రిమ పదార్థం పెట్టారు అన్నది అందులోనే ఉంటుంది. రెండో వైద్యుడి పథకం దానిపైనే ఆధారపడుతుంది. హైదరాబాద్‌లో శస్త్రచికిత్స చేయించుకొని గల్ఫ్‌కో, అమెరికాకో తిరిగివెళ్లే తెలుగువారు విమానమెక్కకముందే దీని నకలు తీసుకోవాలి.

డబ్బు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తీర్పు చెప్పింది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ఫీజు 5 లక్షల రూపాయలు దాటకపోతే దాఖలు రుసుము లేదు. అయితే ముక్కు నచ్చలేదన్నది మాత్రమే నిర్లక్ష్యం కాదు. సాటి నైపుణ్యం గల వైద్యుడు పాటించే ప్రమాణాన్ని పాటించలేదని చూపాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో న్యాయస్థానం స్పష్టం చేసింది. ప్రమాదాలు వివరించకుండా సంతకం తీసుకోవడం మరో ఆధారం కాగలదు.

ఇక్కడే చాలామంది గమనించని చిక్కు ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు, వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. వైద్యపరంగా ఏడాది, ఏడాదిన్నర వేచి, మరో ఇద్దరిని సంప్రదించేసరికి ఆ గడువు చివరికి వచ్చేస్తుంది. తగిన కారణం చూపితే కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు గాని, అది హక్కు కాదు. శస్త్రచికిత్స కోసం ఆగినా, రికార్డుల సేకరణకూ న్యాయ సలహాకూ ఆగవలసిన పని లేదు. మరో మాట: రెండో ఆపరేషన్ జరిగాక మొదటిదాని లోపం ముక్కుపై కనిపించదు. కేసు ఆలోచన ఉన్నవారు దానికి ముందే స్వతంత్ర వైద్యుడి చేత పరీక్ష చేయించి, ఫొటోలతో నివేదిక తీసుకోవాలి.

ఆపరేషన్‌కు సిద్ధమైనవారు కనీసం నాలుగు వారాల ముందే సిగరెట్, ఖైనీ, గుట్కా మానాలి. నికోటిన్ రక్తప్రసరణ తగ్గించి, అసలే బలహీనపడిన చర్మాన్ని మరింత ప్రమాదంలో పెడుతుంది. ఎముకను కదిపినట్లయితే కొన్ని వారాలపాటు కళ్లజోడు దూలంపై ఆనకూడదు. ముక్కుపుడక మళ్లీ ఎప్పుడు పెట్టుకోవచ్చో వైద్యుడినే అడగాలి. రెండోసారి వాపు తగ్గడానికి మొదటిసారి కంటే ఎక్కువ కాలం పడుతుంది. ఫలితాన్ని మళ్లీ ఏడాది తరువాతే, కొందరిలో ఏడాదిన్నర తరువాతే అంచనా వేస్తారు.