కలకత్తా రేవులో రాసిన వంశవృక్షాలు

2024 మార్చిలో మారిషస్ వెళ్లిన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము, భారతీయ మూలాలున్న ఆ దేశ పౌరుల్లో ఏడో తరం వారికి సైతం ఓసీఐ కార్డులు ఇస్తామని ప్రకటించారు. 2025 జూలైలో ట్రినిడాడ్ పర్యటించిన ప్రధాని నరేంద్ర మోదీ అక్కడి ఆరో తరానికి అదే హామీ ఇచ్చారు. రెండు ప్రకటనలకూ చప్పట్లు మోగాయి. ఆరో తరమో ఏడో తరమో అని తేల్చేది ఏమిటన్న ప్రశ్న మాత్రం సభల్లో వినిపించలేదు. తేల్చేది కాగితమే. ట్రినిడాడ్, గయానా, సురినామ్ కుటుంబాలకు సంబంధించి ఆ కాగితాల్లో అధికభాగం పుట్టింది కలకత్తాలో.

1834లో ‘అట్లాస్’ ఓడ కొద్దిమంది కూలీలతో కలకత్తా నుంచి మారిషస్ చేరింది. 1838లో ‘విట్బీ’, ‘హెస్పరస్’ గయానాకు, 1873లో ‘లాలా రూఖ్’ సురినామ్‌కు, 1879లో ‘లియోనిడాస్’ ఫిజీకి హుగ్లీ నది మీదుగానే సాగాయి. ఓడ ఎక్కేముందు కూలీలను గార్డెన్ రీచ్, ఖిదిర్‌పూర్ ప్రాంతాల డిపోల్లో ఉంచేవారు. అక్కడే ఒక్కొక్కరికి వలస పాసు రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, దగ్గరి బంధువు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు అందులో ఉండేవి. కూలీ వంశచరిత్రను కాపాడాలన్నది ఆ పాసు ఉద్దేశం కాదు. పారిపోతే పట్టుకోవడానికి, చస్తే లెక్క చెప్పడానికి, తోటల యజమానికి అప్పగించిన ‘సరుకు’కు రసీదుగా దాన్ని రాశారు. శతాబ్దం గడిచాక అదే కాగితం మునిమనవల చేతిలో పూర్వీకుల ఊరికి దారి చూపే ఏకైక ఆధారమైంది. యునెస్కో 2011లో ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్‌ల కూలీ దస్త్రాలను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చడానికి కారణం ఇదే.

అయితే ఆధారం దొరకడం వేరు, దాన్ని నమ్మదగిన రీతిలో చదవడం వేరు. వంశచరిత్ర పరిశోధనలో తొలి నియమం మూలాన్ని నమోదు చేయడం. ఏ దస్త్రం, ఎక్కడ ఉంది, ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరు చెబితే రాశారు, ఎందుకు రాశారు అన్న ప్రశ్నలకు జవాబులు లేని వంశవృక్షం కథగానే మిగులుతుంది. కలకత్తా పాసుకు ఈ పరీక్ష పెడితే లోపాలు బయటపడతాయి. భోజ్‌పురిలో చెప్పిన పేరును గుమాస్తా తన చెవికి తోచినట్లు ఇంగ్లీషులో రాశాడు. వయసు చూపుతో వేసిన అంచనా. పొలం పనికి పనికిరారని బ్రాహ్మణులను తిరస్కరిస్తారన్న భయంతో వేరే కులం చెప్పుకున్నవారున్నారు. ఒకే పాసులో ఎత్తును నమ్మవచ్చు, ఎందుకంటే కొలిచారు. కులాన్ని అంతగా నమ్మలేం, ఎందుకంటే అడిగి రాసుకున్నారు.

ఆ కాగితాలను పనికిరానివిగా కొట్టిపారేయకుండా, గుడ్డిగానూ నమ్మకుండా చదివినవారిలో ఫిజీలో పుట్టిన చరిత్రకారుడు బ్రిజ్ లాల్ ముఖ్యుడు. స్వయంగా గిరిమిటియా మనవడైన ఆయన, కలకత్తా నుంచి ఫిజీకి వెళ్లిన 45 వేలకు పైగా కూలీల పాసులను క్రోడీకరించి 1983లో ‘గిరిమిటియాస్’ గ్రంథం వెలువరించారు. వలసపోయినవారంతా అట్టడుగు కులాల అనామకులన్న వాదాన్ని ఆ లెక్కలతోనే ఖండించారు. గయానాలో పుట్టిన పాత్రికేయురాలు గాయత్రా బహదూర్ తన ముత్తవ్వ జాడ వెదికారు. 1903లో ‘క్లైడ్’ ఓడలో గర్భిణిగా, ఒంటరిగా కలకత్తా విడిచిన స్త్రీ ఆమె. ఎందుకు విడిచిందో పాసు చెప్పదు. 2013లో అచ్చయిన తన పుస్తకంలో బహదూర్ ఆ ఖాళీని కల్పనతో పూడ్చలేదు, ప్రశ్నలుగానే ఉంచారు.

తెలుగువారి వలసలు ఎక్కువగా మద్రాసు తదితర కోస్తా రేవుల నుంచి సాగినా, నష్టం ఒకే తీరుది. రిజిస్టర్ తండ్రి పేరు అడిగింది, ఇంటిపేరు అడగలేదు. అందువల్ల మారిషస్‌లో అప్పడు, అప్పన్న వంటి వ్యక్తుల పేర్లే వంశనామాలయ్యాయి, ఎన్నో కుటుంబాల ఇంటిపేర్లు మాసిపోయాయి. తెలుగు మూలాలున్న రచయిత్రి నతాషా అప్పన్న 1872లో అక్కడికి చేరిన తన పూర్వీకుల గురించి 2023లో రాసిన పుస్తకంలో వారికి అంటగట్టిన వలస సంఖ్యలు కూడా సాక్ష్యంగా నిలిచాయి.

ఇప్పుడు అదే కోల్‌కతా మరోసారి వంశవృక్షాలు రాస్తోంది. 2025 నవంబర్‌లో పశ్చిమ బెంగాల్‌లో మొదలైన ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణలో ప్రతి ఓటరూ 2002 జాబితాలో తన పేరునో, లేకుంటే తల్లిదండ్రుల వంటి పెద్దల పేరునో చూపి బంధుత్వం నిరూపించుకోవలసి వచ్చింది. డిసెంబర్ 16 నాటి ముసాయిదాలో 58 లక్షలకు పైగా పేర్లు తొలగిపోయాయి. మరణించినవారిని, ఊరు మారినవారిని తొలగించడం సబబే, దాన్ని ఎవరూ కాదనరు. వివాదమంతా ఆ తరువాతిది. తండ్రి పేరు అక్షరాలు కలవలేదని, తల్లిదండ్రులకూ బిడ్డకూ వయసు తేడా 15 ఏళ్లకన్నా తక్కువ ఉందని ‘తార్కిక వ్యత్యాసాల’ పేరిట నోటీసులు వెళ్లాయి. ఆ పేర్లను పంచాయతీ, బ్లాకు కార్యాలయాల్లో బహిరంగంగా ప్రదర్శించాలని 2026 జనవరి 19న సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. అస్సాం పౌర రిజిస్టర్ అనుభవం అంతకుముందే ఉంది. 1971కి ముందరి కాగితాలతో బంధుత్వం చూపాలన్న ఆ ప్రక్రియ 2019 ఆగస్టు 31న 19,06,657 మందిని బయట నిలబెట్టింది.

చరిత్రకారుడికీ ఈ యంత్రాంగానికీ తేడా ఇక్కడే ఉంది. రెండు దస్త్రాల్లో పేరు రెండు విధాలుగా కనబడితే పరిశోధకుడు రెండింటినీ ఉన్నదున్నట్లు రాసుకొని, ఏది ఎవరి చేతిరాతో విచారిస్తాడు. యంత్రాంగం ఆ తేడాకు సంజాయిషీ ఓటరునే అడుగుతుంది. బెంగాలీ లిపిలోని 2002 నాటి పేరును నేటి ఆధార్‌తో పోల్చినప్పుడు వచ్చే తప్పు, 1903లో గుమాస్తా చేసిన తప్పు ఒకే జాతివి. రాసింది ప్రభుత్వం, అనుభవించేది పౌరుడు.

సముద్రాలకు ఆవల ఉన్న ఆరో తరాన్ని, తప్పులతడకల పాసులతోనైనా సరే, మా రక్తసంబంధులే అని పిలవడం ఔదార్యమే. హుగ్లీ ఒడ్డునే ఉండిపోయిన వారి రెండో తరానికీ అదే కొలమానం వర్తించాలి. కాగితంలో తప్పు దొర్లితే మొదట ఆ కాగితాన్ని ప్రశ్నించాలి, దాని మీద పేరున్న మనిషిని కాదు.