ఎనిమిది కిలోల వైన్ లిస్టు, వెనకాల ఒక గోడ

పెద్ద రెస్టారెంట్‌కి వెళ్తే ఫుడ్ మెనూతో పాటు లెదర్ అట్టేసిన ఇంకో పుస్తకం తెచ్చి ముందు పెడతారు. అదే వైన్ లిస్టు. మనలో చాలామంది ఏం చేస్తాం? కుడి పక్కన ఉన్న అంకెలు చూసి, మెల్లగా మూసేసి, "మంచినీళ్లు ఇవ్వండి" అంటాం. తప్పేం లేదు. తాగమని చెప్పే ఎపిసోడ్ కాదిది. ఆ పుస్తకంలో చరిత్ర ఎలా దాక్కుని ఉంటుందో చూద్దాం.

పారిస్‌లో సీన్ నది ఒడ్డున లా టూర్ డార్జాన్ అనే రెస్టారెంట్ ఉంది. కిటికీలోంచి నోత్ర్ దామ్ చర్చి కనిపిస్తుంది. 1582 నుంచీ ఉన్నామంటారు. అది వాళ్ల మాట, అంతవరకే తీసుకుందాం. 1890 నుంచి అక్కడ వడ్డించే ప్రతి బాతుకీ ఒక నంబర్ ఇస్తున్నారు, అదో సరదా. ఇక వైన్ లిస్టు సంగతి: సుమారు 400 పేజీలు, దాదాపు 8 కిలోల బరువు! చిన్న బియ్యం మూట అనుకోండి. కింద సెల్లార్‌లో లక్షల సీసాలు.

1940 జూన్‌కి వెళ్దాం. జర్మన్ సైన్యం పారిస్ వైపు వస్తోంది. ఓనర్ కొడుకు క్లోద్ తెరాయ్ అప్పుడు ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నాడు. కొన్ని గంటల సెలవు దొరికింది. పరుగున ఇంటికొచ్చి, సెల్లార్‌లో మంచి మంచి సీసాలన్నీ ఒక వైపుకి చేర్చి, వాటికి అడ్డంగా గోడ కట్టించేశాడు. జూన్ 14న జర్మన్లు పారిస్‌లోకి వచ్చేశారు. హిట్లర్ ఎయిర్‌ఫోర్స్ చీఫ్ గోరింగ్ మనిషి వచ్చి 1867 నాటి వైన్ ఎక్కడ అని అడిగాడట. "అవన్నీ ఎప్పుడో తాగేశారు సార్" అని జవాబు. వెతికారు, గోడ మాత్రం పట్టుకోలేకపోయారు. ఆ కుటుంబం చెప్పే కథ ఇది.

వినడానికి సినిమాలా ఉంది కదా. కానీ ఫ్రాన్స్ అంతటా జరిగింది ఇంత సరదాగా లేదు. జర్మన్లు ఒక మార్కుకి 20 ఫ్రాంకులు అని రేటు వాళ్లే ఫిక్స్ చేశారు. దాంతో అన్నీ కారుచౌకగా దొరికాయి. బిల్లు ఇచ్చి మరీ దోచుకోవడం అన్నమాట. యూదుల ఆస్తులకైతే ఆ బిల్లు కూడా లేదు, లాగేసుకోవడమే.

బోర్డో ప్రాంతంలో మూతోన్ అనే ద్రాక్షతోట ఉంది. 1855లో పారిస్ ఎగ్జిబిషన్ కోసం అక్కడి రెడ్ వైన్‌లకి ర్యాంకులు ఇచ్చారు. ముఖ్యంగా మార్కెట్ ధర చూసి ఇచ్చినవే. ఇప్పటికీ వైన్ లిస్టుల్లో ఆ ర్యాంకుల పెత్తనమే నడుస్తోంది. మూతోన్‌కి రెండో ర్యాంకు వచ్చింది, మొదటి ర్యాంకుకి ఎక్కడానికి 1973 దాకా పట్టింది. దాని యజమాని ఫిలిప్ ద రోత్‌షీల్డ్ యూదుడు. యుద్ధంలో తోట పోయింది. ఆయన తప్పించుకుని ఇంగ్లండ్ చేరి ద గాల్ సైన్యంలో కలిశాడు. భార్య ఎలిజబెత్ పుట్టుకతో యూదు కూడా కాదు. ఆమెని నాజీలు పట్టుకెళ్లారు. 1945 మార్చిలో రావెన్స్‌బ్రూక్ క్యాంపులో చనిపోయింది.

మే 8న యూరప్‌లో యుద్ధం ముగిసింది. ఆ నెల మొదట్లోనే మంచు పడి బోర్డోలో పూత చాలావరకు పోయింది. మిగిలిన కొద్ది కాయలూ ఎండాకాలం వేడికి బాగా పండాయి. పంట తక్కువే, కానీ ఆ శతాబ్దంలోనే గొప్ప వైన్‌లలో ఒకటైంది. ఫిలిప్ ఒక కుర్ర ఆర్టిస్టుని పిలిచి, ఆ ఏడాది లేబుల్ మీద విక్టరీకి గుర్తుగా ఇంగ్లిష్ అక్షరం 'వీ' వేయించాడు.

లిస్టులో ఇదంతా ఒక్క లైనే ఫ్రెండ్స్. మూతోన్ రోత్‌షీల్డ్, పొయాక్, 1945. ఆ పక్కన ధర.