జిబహ్ లేని మాంసం: ఒక ప్రశ్న పూర్వాపరాలు

ప్రయోగశాలలో జీవకణాలను పెంచి మాంసం తయారు చేయటమన్నది నిన్నమొన్నటి ఊహ కాదు. కోడినంతా పెంచకుండా మనిషి తినే భాగాలను మాత్రమే విడిగా పెంచుకొనే రోజు యాభై ఏళ్లలో వస్తుందని 1931లోనే చర్చిల్ ఒక వ్యాసంలో వ్రాశాడు. యాభై కాదు, ఎనభై ఏళ్లు పట్టింది. 2013 ఆగస్టు 5న మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ పోస్ట్, ఆవు కండర కణాల నుంచి పెంచిన మాంసాన్ని లండన్‌లో వండించి రుచి చూపించాడు. ఆ ఒక్క ముద్దకు సుమారు రెండున్నర లక్షల యూరోలు ఖర్చయింది!

ఇది పాశ్చాత్యుల వింత అని తోసిపుచ్చటానికి వీలులేదు. విజయవాడలో పుట్టిన హృద్రోగ వైద్యుడు ఉమా వాలేటి 2015లో సహచరులతో కలిసి అమెరికాలో ఈ పనికే ఒక సంస్థను నెలకొల్పాడు. దాని కోడిమాంసం అమ్మకానికి 2023 జూన్‌లో అక్కడి ప్రభుత్వ అనుమతి లభించింది. మన హైదరాబాదులో సి.సి.ఎం.బి.కి, చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రానికి కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2019లో సుమారు నాలుగున్నర కోట్ల రూపాయలు ఇదే పరిశోధనకు మంజూరు చేసింది. జన్వాడ, మొయినాబాదు వాసులకు అది పూట ప్రయాణం కూడా కాదు.

జంతువే చావనప్పుడు జిబహ్ దేనికని కొందరు అడుగుతున్నారు. ఈ ప్రశ్న మదీనా నాటిది. దైవప్రవక్త (స) అక్కడికి వచ్చేనాటికి ప్రజలు బ్రతికున్న ఒంటెల మూపురాలను, గొర్రెల కొవ్వు తోకలను కోసుకొని తినేవారు. జంతువు బ్రతికే ఉంటుంది, మాంసమూ దొరుకుతుంది. అలా కోసిన భాగం చచ్చినదానితో సమానమని ఆయన (స) తీర్పు చెప్పారు. అబూ దావూద్, తిర్మిజీ దీనిని ఉల్లేఖించారు. 'మైతహ్' అనే అరబీ పదానికి తెలుగులో 'చచ్చినది' అని వ్రాస్తుంటాం. ఈ హదీసు చదివాక ఆ అనువాదం ఎంత ఇరుకైనదో తెలుస్తుంది.

బ్రతికున్న మేక నుంచి సూదితో తీసిన కణానికి కూడా ఇదే తీర్పు వర్తిస్తుందా? వర్తిస్తుందని 2021లో ఇండొనేషియాలోని నహ్దతుల్ ఉలమా పండితులు అన్నారు. ఒక అమెరికా సంస్థ సంప్రదించిన ముగ్గురు ధర్మవేత్తలు 2023లో, షరీఅత్ ప్రకారం జిబహ్ చేసిన జంతువు కణాలైతే అభ్యంతరం లేదన్నారు. ఈ మాంసాన్ని 2020 డిసెంబరులోనే అనుమతించిన సింగపూరులో ఫత్వా కమిటీ 2024 ఫిబ్రవరిలో, హలాల్ జంతువు కణాలై, కలిపే పదార్థాలు పరిశుద్ధమైతే తినవచ్చని ప్రకటించింది.

ఆ పదార్థాలలోనే అసలు చిక్కు ఉంది. ఈ కణాలకు తొలినాళ్లలో ఆహారంగా పోసినది చూడి ఆవును కోసినప్పుడు గర్భంలోని దూడ నుంచి తీసిన రక్తపు సీరం. ప్రవహించే రక్తాన్ని దివ్య ఖుర్ఆన్ అన్‌ఆమ్ సూరాలో నిషేధించింది. పదార్థం పూర్తిగా మారిపోతే తీర్పు మారుతుందనే 'ఇస్తిహాలా' సూత్రాన్ని కొందరు ఇక్కడ ముందుకు తెస్తున్నారు. సీరం లేకుండా పెంచే మార్గం ఉన్నప్పుడు ఆ వాదన బలహీనమని నా అభిప్రాయం. జిబహ్ చేసిన మేక కణం, రక్తం లేని ద్రవం, ఈ రెండూ ఉంటేనే మాట్లాడుకోవచ్చు. అయితే 'ప్రాణహింస లేని మాంసం' అనే ప్రచారం అప్పుడు నిలవదు.

ప్రకృతికి మేలన్న మాట కూడా తేలలేదు. పశువుల మీథేన్ కొన్నేళ్లకు తగ్గిపోతుంది, కరెంటు కోసం కాల్చిన బొగ్గు పొగ శతాబ్దాలు నిలుస్తుంది కాబట్టి దీర్ఘకాలంలో ఇది మేలు కాకపోవచ్చని 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లెక్కకట్టారు. పైగా 2019 పశుగణనలో సుమారు 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. కోత అయిన పొలంలో మంద పెట్టించుకొనే రైతుకు ఎరువు, కాపరికి కూలి ఆ గొర్రెల వల్లనే.

ఖుర్బానీ విషయంలో మాత్రం చర్చకు తావులేదు. వయసు నిండి, అవయవ లోపం లేని సజీవ పశువే కావాలి. తొట్టిలో పెరిగిన మాంసం హలాల్ అని తేలినా బక్రీదుకు పనికిరాదు.