అల్లము – సముద్రయానము

"అల్లము సంగతి నాకు తెలియదా? బెల్లమువలె పుల్లగా నుండును" అని గొప్పలు పలికినవానిని గూర్చి మనవారు సామెత చెప్పుకొని నవ్వుదురు. ఆ నవ్వు మనకును తగులునేమో విచారింపవలసి యున్నది. ప్రతిదినము మన యిండ్లలో స్త్రీలు గీఱి, తఱిగి, దంచుచున్న యీ దుంప యెచ్చటిదో, ఎట్లు వచ్చినదో మనలో నెంద ఱెఱుగుదురు? రాజుల వంశావళులు వల్లించిన మనకు వంటయింటి చరిత్రము చరిత్రముగా తోపలేదు.

అల్లమునకు అడవిలో పుట్టిల్లు లేదు. అది తనంత తాను పెరుగు వనము శాస్త్రజ్ఞులకు కనబడలేదు. విత్తనము వలన వ్యాపించునదియు కాదు. దుంపను త్రుంచి కణుపు పాతిననే మొలచును. కావున అల్లమున్న ప్రతిచోటికిని ఒక మానవహస్తము దానిని గొనిపోయినదని యర్థము. ఆగ్నేయాసియా ద్వీపవాసులు అతిప్రాచీనకాలమున దానిని పడవలపై తీరమునుండి తీరమునకు చేర్చిరని పరిశోధకుల మతము. 14వ శతాబ్దమున ఇబన్ బతూతా కోళిక్కోడు రేవునకు వచ్చు చీనా ఓడలను వర్ణించుచు, నావికులు కొయ్యతొట్లలో కూరాకులతోపాటు అల్లమును పెంచుకొనుచుండిరని వ్రాసెను.

క్రీ.శ. 1వ శతాబ్దపు రోమను గ్రంథకర్త ప్లినీ, అల్లము మిరియపు చెట్టు వేరని కొందఱు తలచుట పొరపాటని తెలిపెను. కాని అది పండునది అరేబియాలోనని తానును పొరబడెను. అమ్మినవాని దేశమే పుట్టినదేశమయ్యెను! గ్రీకుల ‘జింగిబెరిస్’, సంస్కృతపు ‘శృంగబేరము’ ఒక్క మాట రూపములే. కొమ్మువంటి యాకారముచే ఆ పేరు వచ్చినదని పండితులు వ్యుత్పత్తి చెప్పిరి. ద్రావిడభాషల ‘ఇంజి’, ‘వేర్’ అను మాటల కలయికయే మూలమని భాషాశాస్త్రజ్ఞులలో పలువురి యభిప్రాయము. దుంపతోపాటు పేరును నావ యెక్కినది.

ఇక మన యాచారమును చూడుడు. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పాతకములలో చేర్చినది. 1888లో గాంధీ విద్యకై ఇంగ్లండునకు బయలుదేరగా ఆయన కులపెద్దలు వెలివేసిరి. ఉల్లికిని వెల్లుల్లికిని తలుపు మూసిన మడి వంటయిండ్లలో సయితము అల్లము నిరాటంకముగా ప్రవేశించినది. చదువుకై సముద్రము దాటిన బిడ్డ పంక్తికి దూరము; తీరములు తిరిగిన దుంప విస్తరిలో పచ్చడి! ఈ న్యాయము విచారణకు నిలుచునా?

పచ్చి యల్లమును ఆర్ద్రకమనియు, ఎండినదానిని శుంఠి యనియు మన వైద్యులు వేఱు వేఱు ద్రవ్యములుగా నెంచిరి. రసాయనశాస్త్రము దీనిని బలపఱచినది. పచ్చిదుంప ఘాటునకు ముఖ్యకారణము జింజెరాల్. ఎండునప్పుడు అందు కొంత షోగావోల్‌గా మాఱి ఘాటు హెచ్చును. వండినప్పుడు కొంత జింజెరోన్‌గా మాఱి ఘాటు తగ్గును.

మన తల్లులు ఈ పేరులు వినలేదు. కాని వారి చేతులకు ఈ విద్య తెలియును. బరువై, తోలు బిగువుగా నుండి, విఱిచిన టక్కున విఱుగు దుంప నేరుకొందురు. కణుపులు విడదీసి సందుల మన్ను కడుగుదురు. కత్తితో లోతుగా చెక్కక చెంచా యంచుతో పైపైని గీఱుదురు. ఏలయన పరిమళతైలము తోలునకు దగ్గఱనే మెండుగా నుండును. పీచునకు అడ్డముగా పలుచని బిళ్లలు తఱిగి పిమ్మట దంచుదురు. నిలువుగా తఱిగినచో పీచు పండ్ల సందున చిక్కును. పచ్చియల్లపు రసము పాలను విఱుచును గనుక ముందు నీటిలో మరగించి పిదప పాలు పోయుదురు. పాలను విఱుచు ఎంజైము వేడిచే నశించునని శాస్త్రము చెప్పుట పిమ్మటి మాట.

ఇట్టి యెఱుక గల చేతులను మనము చదువురాని చేతు లంటిమి. ఆ తప్పు దిద్దుకొనవలెను. బాలికలకు గ్రంథములందు ఎంత హక్కు కలదో, బాలురకు వంటయింట అంత బాధ్యత కలదు. ఈ సాయంకాలము మీ కుమారుని పిలిచి ఒక అల్లపుకొమ్మును, ఒక చెంచాను చేతికిండు. వాడు గీఱుచుండగా ఆ దుంప తిరిగిన తీరముల కథ చెప్పుడు. దూరదేశమునుండి వచ్చినదెల్ల అంటరానిది కాదని ఆ పరిమళమే వానికి బోధించును.