గాలి తగలని పరుపు

మాది దూదేకుల ఇల్లు. మా తాత, నాయన విల్లు భుజాన వేసుకుని ప్రొద్దుటూరు వీధుల్లో దూది ఏకినవాళ్లు. నేను అదే ఊళ్లో మెమరీ ఫోమ్ పరుపులు అమ్ముతున్నాను. కొన్నవాళ్లు మరునాడే ఫోన్ చేస్తారు: "అన్నా, ఈ వాసన పోతుందా?" పోతుంది. రెండు మూడు రోజులు గాలికి పెట్టి, ఆ తర్వాతే పడుకోమంటాను. ఈ జాగ్రత్త ఫోమ్‌తో వచ్చింది కాదు, పరుపు ఉన్నప్పటి నుంచీ ఉంది.

దూదేకే విల్లు మనిషెత్తు కొయ్య. దానికి నరం బిగించి ఉంటుంది. కొయ్య గుండుతో కొట్టినప్పుడల్లా నరం టంయ్‌మని అదిరి, ముద్దకట్టిన పత్తిని పోగులు పోగులుగా విడదీసి ఎగరేస్తుంది. పోగుల మధ్య గాలి చేరుతుంది. పరుపు మెత్తదనమంతా ఆ గాలిదే. నాలుగేళ్లు పడుకుంటే గాలి పోయి దూది మళ్లీ గడ్డకడుతుంది. అప్పుడు కుట్లు విప్పి, దూది ఎండబెట్టి, మళ్లీ ఏకి, దబ్బనంతో కుట్టేవాళ్లు. బూరుగు దూదికి విల్లు అక్కర్లేదు. కర్రతో చిలికి గింజలు రాలిస్తే చాలు.

కుట్టిన పరుపు నేరుగా మంచమెక్కేది కాదు. కొత్త గుడ్డకు గంజి వాసన, దూదిలో నలిగిన గింజలకు నూనె వాసన ఉంటాయి. అందుకని మిద్దె మీద ఎర్రటి ఎండలో వేసి, మధ్యాహ్నం తిరగేసేవాళ్లు. కూతురి సారెలో పెట్టే పరుపైతే తల్లులు మరీ పట్టుబట్టి ఎండబెట్టించేవాళ్లు.

బ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య మావాడేనని మా ఇళ్లల్లో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. ఆ గౌరవం మా పనికి మాత్రం దక్కలేదు. పరుపులోకి గాలి పోయింది, పత్తి ధూళి ఏకేవాడి రొమ్ములోకి పోయింది. నాయన ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పనిచేసేవాడు. అయినా దగ్గు ఆయన్ను వదల్లేదు. పత్తి దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుందని వైద్యులకు ఎప్పుడో తెలుసు. ఆ సంగతి మా వీధికి చెప్పినవాళ్లు లేరు.

ఫోమ్ కథ వేరే దేశాలది. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్, ఆయనతో పనిచేసేవాళ్లు పాలీయురేథేన్‌ను కనిపెట్టారు. దాంట్లో వాడే ఐసోసైనేట్‌కు నీళ్లు తగిలితే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ బుడగలతో మిశ్రమం నురుగై గట్టిపడి ఫోమ్ అవుతుంది. 1966లో అమెరికాలో, నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం పనిమీద చార్లెస్ యోస్ట్ విమాన సీట్ల కోసం ఇంకో రకం ఫోమ్ చేశాడు. ఒంటి వేడికి మెత్తబడి, నొక్కితే మెల్లగా లేచే రకం అది, అదే మెమరీ ఫోమ్. దాన్ని పరుపుగా మార్చడం తేలిక కాలేదు. చివరికి స్వీడన్‌కు చెందిన ఫాగర్‌డాలా కంపెనీ 1991లో ఆ పరుపును అమ్మకానికి తెచ్చింది.

ఇప్పుడు పరుపును నొక్కి, గాలి లాగేసి, చుట్టచుట్టి ప్లాస్టిక్‌లో బిగిస్తున్నారు. తయారీలో మిగిలిపోయిన రసాయనాల ఆవిరి అందులోనే చిక్కుకుంటుంది. విప్పగానే ముక్కుకు కొట్టేది అదే. ఇక్కడే మా పెద్దల అలవాటు ఎదురుతిరుగుతుంది. అమ్మలు కొత్త ఫోమ్‌ను కూడా మిద్దె మీద ఎండలో వేస్తామంటారు. వద్దమ్మా అంటాను. ఎండకు ఫోమ్ పసుపుబారి, పొడిపొడిగా రాలుతుంది. నీడన, ఎదురెదురు కిటికీలు తెరిచిన గదిలో, గోడకు నిలబెట్టి ఉంచాలి. చలికాలంలో ఫోమ్ బిగుసుకుపోతుంది కనుక పూర్తిగా పొంగడానికి ఇంకొంచెం సమయం పడుతుంది. చంటిపిల్లలున్న ఇంట్లో నేను ఇంకా గట్టిగా చెబుతాను.

కొన్నవాళ్లకు ఇది రెండు మూడు రోజుల వాసన. ఫోమ్ తయారీకి వాడే ద్రవాలను రోజూ కలిపేవాళ్ల సంగతి వేరు. ఐసోసైనేట్ ఆవిరి పీలిస్తే ఉబ్బసం రావచ్చు, ఒకసారి వచ్చిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. అందుకే కొత్త కంపెనీవాళ్లు సరుకు ధర చెప్పడానికి వచ్చినప్పుడు, కలిపే గదిలో గాలిని బయటికి లాగే ఫ్యాన్లున్నాయా, పనివాళ్లకు మాస్కులిస్తున్నారా అని ముందు అడుగుతాను.