కనబడని స్తంభము

ఒక స్తంభము. దాని పొడవులో ఎనిమిదవ వంతు భూమిలో పాతుకొని యున్నది. మూడవ వంతు నీటిలోను, నాలుగవ వంతు నాచులోను మునిగి యున్నవి. పైకి కనబడునది ఏడు మూరలు మాత్రమే. స్తంభము మొత్తము పొడవెంత?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. క్రీ. శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, జైన గణితవేత్త మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన ‘గణితసారసంగ్రహము’లోనిది. దీనిని సాధించుటకు ఆయన చెప్పిన సూత్రము మిక్కిలి చిన్నది. తెలియని పొడవును ‘ఒకటి’ అనుకొని, అందుండి చెప్పిన భాగములను తీసివేసి, మిగిలిన దానిచేత కనబడు కొలతను భాగింపవలెను. ఎనిమిదవ వంతు, మూడవ వంతు, నాలుగవ వంతు కలిపిన 17/24 అగును. శేషము 7/24. ఏడు మూరలను దానిచే భాగించినచో 24 మూరలు వచ్చును. భూమిలో 3, నీటిలో 8, నాచులో 6, పైన 7, లెక్క సరిపోయినది.

ఇక చిన్న మార్పు చేసి చూతము. భూమిలోనిది పోగా ‘మిగిలిన దానిలో’ మూడవ వంతు నీటిలోను, అదియు పోగా ‘మిగిలిన దానిలో’ నాలుగవ వంతు నాచులోను ఉన్న దనుకొందము. అంకెలు అవే, కనబడునది ఆ ఏడు మూరలే. కాని ఇప్పుడు మిగులునది 7/8లో 2/3లో 3/4, అనగా 7/16. పొడవు 24 మూరలు గాక 16 మూరలే! మహావీరుడు మొదటి తెగకు భాగజాతి యనియు, రెండవదానికి శేషజాతి యనియు వేరువేరుగా పేర్లు పెట్టుట ఇందులకే.

పిల్లవాడు ఇట్టి లెక్క తప్పినప్పుడు వానికి కూడికలు రావని మనము కోపపడుదుము. తరచుగా తప్పినది కూడిక కాదు, చదువుట. ‘దేనిలో వంతు?’ అని ఒక్కసారి అడుగకపోవుటచే ఎనిమిది మూరలు మాయమైనవి. భాష బోధపడనిదే బీజగణితము బోధపడదు.

ఈ సత్యము మన పూర్వుల కెరుకయే. పదకొండవ శతాబ్దివాడని పలువురు పండితు లెంచు పావులూరి మల్లన, మహావీరుని గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. గణితము తెలుగువాని చెవికి తెలుగుననే వినబడెను.

ఈ రాత్రి భోజనములైన పిదప మీ పిల్లలను ఈ స్తంభము పొడవడుగుడు. జవాబుకు తొందరపెట్టకుడు. ‘దేనిలో వంతు?’ అని వారు మిమ్ము తిరిగి ప్రశ్నించినచో, లెక్క సగము తేలినట్లే.