పూర్వీకుల జాడ: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో వంశ, భూమి రికార్డులు

ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులో ఒక కుటుంబం తన ముత్తాతల జాడ తీయాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఊరు గోదావరికి ఏ ఒడ్డున ఉందన్నది. ఒడ్డును బట్టి ఏలిన సర్కారు వేరు, రాసిన కాగితం వేరు, దాని భాష వేరు. అమెరికాలో తొలి వలసదారుల వారసులు దస్తావేజులు, వీలునామాలు, చర్చి రిజిస్టర్లు దగ్గర పెట్టుకుని తాతముత్తాతల జీవితాలను కూర్చుకుంటారు. ఇక్కడ ఆ పనికి కాగితంతో పాటు పాట కూడా ఆధారమే.

1860 దాకా రెండు ఒడ్లూ నిజాం ఏలుబడిలో ఉండేవి. ఆ ఏడాది ఒప్పందంతో ఎడమ ఒడ్డునున్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలు బ్రిటిష్ వారికి దక్కాయి. కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిశాయి. కుడి ఒడ్డున ఖమ్మం, పాల్వంచ ప్రాంతాలు 1948 దాకా నిజాం కిందే ఉన్నాయి. 1953లో వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం అందులో చేరింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. వాటిలో ఒకటైన చింతూరులో తరతరాలుగా ఒకే గూడెంలో ఉన్న కోయ కుటుంబం 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా లెక్కలోకి వచ్చేసరికి ఇన్ని సర్కార్లను చూసింది. దాని కాగితాలు కూడా అలాగే చెల్లాచెదురయ్యాయి.

నిజాం వైపు గ్రామాలకు మూలాధారం సేత్వార్. సర్వే సెటిల్‌మెంట్ నాటి తొలి పట్టాదారుల జాబితా అది. ఆ తర్వాత ఏటా రాసిన పహాణీలు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ వరుసగా వస్తాయి. పాతవి ఉర్దూలో, ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది. మద్రాసు వైపు అడంగల్, సెటిల్‌మెంట్ రిజిస్టర్లు చూడాలి.

పహాణీలో సర్వే నంబరు, విస్తీర్ణం, పంటతో పాటు రెండు గడులు ముఖ్యం: పట్టాదారు, అనుభవదారు. రెండింటిలో ఒకే పేరు ఏళ్ల తరబడి సాగితే ఆ భూమి ఇంట్లోనే ఉందని అర్థం. రెండు పేర్లు వేరైన ఏడాది దగ్గర ఆగి చూడాలి. అప్పు, కౌలు, అమ్మకం, వలస – ఏదో జరిగి ఉంటుంది. ఏజెన్సీలో ఇది ఒట్టి వంశచరిత్ర కాదు. గిరిజన భూమి చేతులు మారకుండా మద్రాసు ప్రభుత్వం 1917లో చట్టం చేసింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణ ఏజెన్సీకీ వర్తించింది. జనం 1/70 అని పిలిచే 1970 సవరణ ప్రకారం, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలి. కాదని రుజువు చేసుకునే బాధ్యత గిరిజనేతరుడిదే. తాత పేరున్న ఒక్క పాత పహాణీ నకలుకు ఇక్కడ అంత విలువ.

అయితే ఈ పుస్తకాల్లో అందరూ దొరకరు. తండ్రి పేరుతో కొడుకును గుర్తించే రాతలో కూతుళ్ల జాడ చాలావరకు పోయింది. పోడు కొట్టుకుని బతికినవారికి పట్టాయే లేదు. పరిశోధకుల రచనలు ఈ లోటును కొంత తీరుస్తాయి. 1870ల్లో దుమ్ముగూడెం వచ్చిన మిషనరీ జాన్ కెయిన్ కోయల ఆచారాల గురించి రాశాడు. మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ 1945లో వెలువరించిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ గోదావరి కొండల్లోని కొండరెడ్ల జీవితాన్ని నమోదు చేసింది. వీటిలో వ్యక్తుల కంటే తెగ ఎక్కువగా కనిపిస్తుంది.

కోయలకు తమదైన పద్దు వంశగాథలు పాడే డోలీల దగ్గర ఉంది. కోయ ఇంటిపేర్లన్నీ గట్టులుగా కూడి ఉంటాయి; ఏ గట్టుకు ఏ వేల్పు, ఎవరితో వియ్యం కలుస్తుంది అన్నది కట్టుబాటు. కొలుపుల వేళ వేల్పు బొమ్మలున్న త్రికోణపు గుడ్డ, పడిగెను ఎదుట నిలిపి డోలీ ఆ వంశగాథ పాడతాడు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క–సారలమ్మ కథతో పాటు ఇలాంటి గాథలు పాడినందుకు 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. ఈ పాటల్లో తేదీలు దొరకవు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరి వేల్పు ఎవరు అన్నది మాత్రం దొరుకుతుంది. పట్టాదారు గడిలో లేనిది అదే.

చట్టం కూడా ఆలస్యంగానైనా ఇలా కాగితానికి ఎక్కని సాక్ష్యాన్ని గుర్తించింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో చేసిన నియమాలు పాత రికార్డుల్లోని వ్యక్తులతో సంబంధం చూపే వంశవృక్షాన్ని, పెద్దల వాంగ్మూలాన్ని, పాత బావులు, శ్మశానాలు, కొలుపు స్థలాలను సాక్ష్యాలుగా ఒప్పుకుంటాయి. గిరిజనేతరులైతే మూడు తరాల, అంటే 75 ఏళ్ల నివాసం చూపాలి. ముంపు గ్రామాల్లో శ్మశానాలు, వేల్పుల గద్దెలు నీట మునిగితే ఆ సాక్ష్యం తిరిగి రాదు.

కాబట్టి జాడ వెతికేవారు ముందు ఇంట్లోని పెద్దవారిని అడిగి ఇంటిపేరు, గట్టు, అమ్మమ్మ పుట్టిన ఊరు రాసుకోవాలి. తర్వాత తహసీల్దారు కార్యాలయంలో పహాణీ నకళ్లు తీసుకోవాలి. నిజాం కాలపు కాగితాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌ను, మద్రాసు కాలపు వాటికి చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌ను సంప్రదించాలి.